ఒంటిపిన్ను కానుక

విల్లుకి గురి చూసుకునే పిన్ను ఒక్కటి మంచిదా, ఐదు మంచివా అని నన్నడిగారు చూశారూ, మీది పెద్ద మనసు. ఈ జిల్లాలో వేట గురించి నన్ను సలహా అడిగిన మొదటి మనుషులు మీరే. ఆ బీరు ఇటు జరపండి. చేపలు వేగి వచ్చేలోగా చెప్పేస్తాను.

ఊళ్లో నన్ను పొట్టిచొక్కా వెర్న్ అంటారని మీకు తెలుసు. అది మా అమ్మా నాన్నా పెట్టిన పేరు కాదు. మా మామగారు ఆర్నీ గారి కత్తెర పెట్టిన పేరు.

మా అత్తారింట్లో ఒక ఆచారం ఉంది. జింక మీద బాణం వేసి గురి తప్పినవాడి చొక్కా వెనక కొస కత్తిరించి, దాని మీద పేరూ తేదీ రాసి, ఆర్నీ గారి షెడ్డు గోడకి మేకు కొట్టేస్తారు. నాకు మార్లిస్‌తో పెళ్లయి, పోయిన వేసవికి పన్నెండు వేట సీజన్లు గడిచాయి. అప్పటికి గోడ మీద నా చొక్కా కొసలు పదకొండు. పన్నెండోది ఏమైందంటారా? ఆ ఏడు నాకు గవదబిళ్లలు వచ్చి వేటకి వెళ్లలేదు.

నా చొక్కాలన్నీ ముందు నుంచి చూస్తే పెద్దమనిషి చొక్కాలే. వెనక నుంచి మాత్రం చూడకూడదు. చర్చిలో నేను ముందుకి వంగినప్పుడు వెనక వరస వాళ్లు కళ్లు మూసుకునేది భక్తితో కాదు.

నా కొసల గోడకి ఎదురుగోడ మీద ముప్పై ఒక్క జతల కొమ్ములున్నాయి. ఒక్కో జత కింద ఏ సంవత్సరమో రాసి ఉంటుంది. ఆర్నీ గారు ఆ కొమ్ముల కింద కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని, నా కొసల్ని చూస్తూ కాఫీ తాగుతారు.

ఆ కొమ్ములన్నిటికీ మూలం ఓక్ మంచె. వాళ్ల పొలం వెనక గుట్ట మీద పెద్ద ఓక్ చెట్టుంది. దానికి పద్దెనిమిది అడుగుల ఎత్తున మంచె కట్టారు. ఒక పక్క మొక్కజొన్న చేను, ఇంకో పక్క పల్లంలో వాగు. ఓక్ కాయలు రాలే రోజుల్లో జింకలు ఆ చెట్టు కిందికి విందుకొచ్చినట్టు వస్తాయి. అలాంటి మంచె మీద ముప్పై ఏళ్లుగా ఆర్నీ గారు తప్ప ఎవరూ కాలు పెట్టలేదు. నాకిచ్చిన చోటు పేడగుంత వెనక మూల. దారి తప్పిన జింక తప్ప అటు ఏదీ రాదు.

పోయిన సెప్టెంబరు మొదట్లో, సెలవురోజు భోజనాల దగ్గర, ఆర్నీ గారు ఫోర్కు కింద పెట్టి గొంతు సవరించుకున్నారు.

"మోకాలు మార్చాక డాక్టరు నన్ను నిచ్చెన ఎక్కొద్దన్నాడు. ఈ ఏడు ఓక్ మంచె మీ ఇద్దరిలో ఒకరిది. మా అమ్మాయిదో, అల్లుడిదో. సీజన్‌కి ముందు ఆదివారం ఇక్కడే పందెం. రబ్బరు జింక, మూడేసి బాణాలు. దూరం మీరే కొలుచుకోండి."

నోట్లో ఉన్న సాసేజ్ అలాగే ఉండిపోయింది. ఓక్ మంచె! దాని మీద కూర్చుంటే గుడ్డివాడికైనా జింక పడుతుందని ఊరంతా అంటారు. ఒక్క జింక చాలు నాకు. ఒక్కటి పడితే పొట్టిచొక్కా పేరు పోతుంది, మనిషిగా తలెత్తుకు తిరుగుతాను.

పక్కన మా అత్తగారు ఇర్మా గారున్నారు. ఆవిడ ఏడాదికి నలభై మాటలు మాట్లాడతారు, అందులో ముప్పై బంగాళాదుంపల గురించి. కూతురి వైపు చూసి చిన్నగా నవ్వి కూర గిన్నె అందించారు. ఆ నవ్వు కూర గురించే అనుకున్నాను.

ఇంటికొచ్చే దారిలో ట్రక్కులో మాకు మొదలైంది.

"పోన్లే వెర్న్, ఈసారి నువ్వు గెలుస్తావేమో" అంది మార్లిస్.

"వెక్కిరించకు. నా చేతిలో ఏం లోపం లేదు. లోపమంతా ఆ ఐదు పిన్నులది."

"పాపం, పిన్నులేం చేశాయి?"

"పై పిన్ను ఇరవై గజాలకి. దాని కిందది ముప్పైకి, తర్వాత నలభై, యాభై, అరవై. జింక ఎదురుగా నిలబడేసరికి ఐదు చుక్కలూ ఒకేసారి మిలమిలలాడతాయి. ఏ చుక్క జింక మీద పెట్టాలో ఆ కంగారులో ఎవడికి గుర్తుంటుంది?"

"నాకు మూడున్నాయి. నాకు గుర్తుంటోందే?"

"నీకు మూడే కదా!"

"అయితే నువ్వూ రెండు పీకెయ్."

"మగాడన్నాక ఐదుండాలి."

"చొక్కా కూడా ఉండాలి" అంది మార్లిస్, కిటికీ లోంచి బయటికి చూస్తూ.

మార్లిస్ పన్నెండో ఏట విల్లు పట్టింది. పందెంలో దాన్ని నేను గెలవడం కల్ల. అందుకని ఆలోచించాను. మంచి ఆలోచన నాకు ఎప్పుడూ రాదు, కాబట్టి ఇది కూడా మంచిది కాదు. కానీ ఆ రోజు చాలా మంచిదనిపించింది.

మర్నాడు జున్ను ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, తిన్నగా విల్లుల కొట్టుకి వెళ్లాను. ఆ కొట్టు డ్వేన్‌ది. అందరూ రేడియో డ్వేన్ అంటారు.

"ఇది చూడు" అని డ్వేన్ కొత్త సరుకు తీశాడు. "ఒంటిపిన్ను. ఒక్కటే చుక్క. పక్కన ఈ చక్రం ఉంది చూశావూ? జింక ముప్పై గజాల్లో ఉంటే ముప్పైకి తిప్పు, నలభైలో ఉంటే నలభైకి తిప్పు. చుక్క జింక మీద పెట్టి వదులు. తికమకన్నదే లేదు."

"తిప్పడం మర్చిపోతే?"

"మర్చిపోతే బాణం జింక నెత్తి మీదుగా పోతుంది. చెయ్యి అలవాటు పడేదాకా కష్టమేలే. సీజన్‌కి వారం ముందు పిన్నులు మార్చినవాడు గొడ్లపాకని కూడా కొట్టలేడు."

ఆ మాట నా చెవిలో తేనె పోసినట్టుంది. శుక్రవారం మార్లిస్ పుట్టినరోజు. ఆ పైన తొమ్మిది రోజులకి పందెం.

"దీన్ని కాయితంలో చుట్టి, పైన ఎర్ర రిబ్బను కట్టు" అన్నాను.

"ఎవరికి?"

"మా ఆవిడకి."

డ్వేన్ నా మొహంలోకి చూశాడు. "మార్లిస్‌కా? ఆవిడ చిన్నప్పట్నుంచీ మూడు పిన్నులతో వేస్తోంది కదయ్యా. ఇప్పుడిది పెడితే చెయ్యి చెడిపోదూ?"

"అందుకే" అని, పందెం సంగతీ, మంచె సంగతీ, నా పథకమూ మొత్తం చెప్పేశాను. ఎందుకు చెప్పానని అడక్కండి. కడుపులో మాట దాగని జబ్బు నాకు పుట్టుకతో ఉంది. "ఎవరికీ చెప్పకు" అని కూడా అన్నాను.

"ఛ, నేనెవరికి చెబుతాను?" అన్నాడు డ్వేన్. అతనికి రేడియో అన్న పేరు ఎందుకొచ్చిందో ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు.

శుక్రవారం పొద్దున్న మార్లిస్ రిబ్బను విప్పింది. లోపల ఉన్నది చూసింది. చూసి, రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి. చెయ్యి తీస్తే కళ్ల నిండా నీళ్లు!

పన్నెండేళ్లలో నేను దానికిచ్చిన పుట్టినరోజు కానుకలు మంచు తోసే పార, బండి టైర్లకి గొలుసులు, గ్యారేజీ తలుపు తెరిచే మోటారు వగైరా. ఏ ఒక్కదానికీ అది ఏడవలేదు, మోటారుకి తప్ప. అది వేరే రకం ఏడుపు.

"వెర్న్! నాకోసం ఇంత ఆలోచించావా?" అంది కళ్లు తుడుచుకుంటూ.

"చాలా ఆలోచించాను" అన్నాను. అబద్ధం కాదు.

పుట్టినరోజు దానిది, ఆపిల్ పై చేసి పెట్టింది నాకు. రెండు ముక్కలు తిన్నాను. మూడోది గొంతు దిగలేదు. తప్పు చేసినవాడికి ఆపిల్ పై కూడా మొక్కజొన్న కండెలాగా అడ్డం పడుతుంది.

సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చి గ్యారేజీలోకి వెళ్లేసరికి మతిపోయింది. మార్లిస్ విల్లు మీద దాని పాత మూడు పిన్నులు అలాగే ఉన్నాయి. ఒంటిపిన్ను నా విల్లుకి బిగించి ఉంది!

"ఇదేమిటే!"

"నువ్వు నాకోసం అంత ఆలోచిస్తే నేను నీకోసం ఆలోచించొద్దూ?" అంది చేతిలో స్క్రూడ్రైవరుతో. "ఐదు పిన్నులు నిన్ను పదకొండేళ్లుగా ఏడిపిస్తున్నాయని నువ్వే కదా చెప్పావు. ఇంట్లో ఒంటిపిన్ను పెట్టుకుని, కట్టుకున్నవాణ్ణి అలా ఏడవనిస్తానా?"

"కానుక ఇచ్చినవాడికే ఇవ్వకూడదే, అశుభం!"

"ఇవ్వడం కాదు, పంచుకోవడం."

"మరి నా ఐదు పిన్నులూ?"

"చర్చిలో పాత సామాన్లు అమ్ముతున్నారు కదా, మధ్యాహ్నం ఇచ్చొచ్చాను. బల్ల మీద పెట్టానో లేదో, ఎవరో పట్టుకుపోయారు."

పోయాయి. ఐదుకి ఐదూ పోయాయి. నేను తవ్విన గోతిలో నేనే పడ్డాను, పైగా పైనుంచి పెళ్లాం ప్రేమగా చూస్తోంది. "థాంక్స్ మార్లిస్" అన్నాను, ఆముదం తాగిన మొహంతో.

మర్నాటి నుంచి పెరట్లో నాకు చదువు మొదలైంది. గడ్డిమోపు మీద కాయితం పళ్లెం అతికించి, మార్లిస్ నా వెనక నిలబడేది.

"ఎంత దూరం?"

"ముప్పై."

"చక్రం?"

"తిప్పాను."

"ఎంతకి?"

చూసుకుంటే యాభైలో ఉండేది. మళ్లీ తిప్పేవాణ్ణి.

"భుజం దించు. ఆ పళ్లబిగువు వదులు, నువ్వు కొరకడం లేదు, వేస్తున్నావు. చుక్క మధ్యలో పెట్టావా? ఇప్పుడు నెమ్మదిగా వదులు."

థప్! బాణం పళ్లెం మధ్యలో దిగింది.

మీరు నమ్మరు. నేనూ నమ్మలేదు. దగ్గరికెళ్లి వేలు పెట్టి చూశాను, నా బాణమే. మంగళవారం నాటికి మూడు బాణాలూ కాఫీ కప్పంత చోట్లో పడుతున్నాయి. నిజంగానే ఆ ఒంటిపిన్నులో తికమక లేదు. ఒక్క చుక్క, ఒక్క జింక. ఐదుంటే మనసు ఐదు దిక్కులా పోతుందని పదకొండేళ్లు నేను మొత్తుకున్నది నిజమేనన్నమాట!

గురువారం నాటికి నాకు కాస్త పొగరు కూడా ఎక్కింది. "మార్లిస్, నీకేమైనా మెళకువలు కావాలంటే మొహమాటపడకు" అన్నాను.

"చెప్పు వెర్న్" అంది అది చాలా వినయంగా.

అక్కడే నాకు అనుమానం రావాల్సింది. మా ఆవిడ వినయంగా ఉందంటే ఇంట్లో ఎక్కడో నిప్పంటుకుందని అర్థం. రాలేదు.

పందెం రోజు చర్చి అయ్యాక అందరం ఆర్నీ గారి పెరట్లో చేరాం. నేను దూరం కొలిచి, చక్రం తిప్పి, మూడు బాణాలూ రబ్బరు జింక గుండెలో దింపాను. ఆర్నీ గారి నోట్లో చుట్ట జారి కింద పడింది.

మార్లిస్ రెండు బాణాలు గుండెలో వేసింది. మూడోది జింక వెనక కాలికి తగిలింది!

నాకు అరుపొచ్చింది. మార్లిస్ బాణం, కాలికి! చిన్నప్పట్నుంచీ దాని బాణం అనుకున్నచోట తప్ప ఇంకెక్కడా దిగగా చూసినవాడు లేడు.

"గాలి" అన్నారు ఇర్మా గారు.

వసారా స్తంభానికి కట్టిన జెండా గుడ్డపేలికలా వేలాడుతోంది, ఆకు కదలడం లేదు. అయినా నేను గాలేనని ఒప్పుకున్నాను. గెలిచినవాడికి గాలితో పేచీ ఏముంటుంది?

"బాధగా ఉందా?" అనడిగాను తర్వాత.

"నీ సంతోషమే కదా నాక్కావాల్సింది" అంది మార్లిస్. అప్పుడే కాళ్ల మీద పడి మొత్తం చెప్పేద్దామనుకున్నాను. చెబితే మంచె పోతుందేమోనని నోరు మూసుకున్నాను. నేను అంత మంచివాణ్ణి.

సీజన్ మొదలయ్యే ముందురోజు సాయంత్రం నాకు సాండ్‌విచ్‌లు కట్టింది, ఫ్లాస్కులో కాఫీ పోసింది, ఉన్ని మేజోళ్లు తీసి పెట్టింది.

"వెర్న్, ఒక్క మాట విను. మంచె ఎక్కగానే చక్రం ఇరవైకి తిప్పి పెట్టు. ఇంక దాన్ని ముట్టుకోకు. ఓక్ కాయలకొచ్చే జింక చెట్టు కిందికే వస్తుంది."

"సరే."

"ఇరవై. ముట్టుకోకు."

"సరేనన్నానా?"

"ఇంకోసారి చెబుతున్నాను..."

"మార్లిస్! పందెం గెలిచింది నేనా, నువ్వా?"

అది ఫ్లాస్కు మూత బిగించింది. "నువ్వెక్కడ కూర్చుంటావు?" అనడిగాను పెద్దమనసుతో.

"కింద వాగు పక్కన ఎక్కడో కూర్చుంటాలే."

"అక్కడేముంటాయి, కప్పలు తప్ప?"

"కప్పల్నే చూస్తాను" అంది.

తెల్లారుతుండగా ఓక్ మంచె ఎక్కాను. నడుం పట్టీ చెట్టుకి కట్టుకున్నాను. చక్రం ఇరవైకి తిప్పాను, ప్రమాణంగా తిప్పాను. సింహాసనం ఎక్కిన రాజుకి కూడా అంత గర్వం ఉండదు. చేను మీద మంచు తేలుతోంది, ఓక్ కాయలు టప్ టప్ మని రాలుతున్నాయి.

ఒక గంట గడిచింది. ఏమీ రాలేదు. చేను చివర ఒక ఎండుమొద్దు కనిపించింది. అది ఎంత దూరమో అనిపించింది. దూరం చూపించే దుర్భిణీ పెట్టి కొలిచాను, సరిగ్గా నలభై గజాలు. అక్కడ పెద్ద కొమ్ముల జింక నిలబడితే ఎలా ఉంటుంది? ఊరికే, ఊరికే చక్రం నలభైకి తిప్పి, మొద్దు మీద చుక్క పెట్టి చూశాను. ఎంత బాగా కుదిరిందో! ఆ మొద్దు జింకైతే ఆ క్షణంలో చచ్చుండేది. ఇంకో రెండుసార్లు చంపాను.

అప్పుడు కింద ఆకులు గలగలమన్నాయి.

చూద్దును కదా, చెట్టు కొమ్మల కింద, పదిహేను గజాల్లో, ఎనిమిది కొనల కొమ్ములున్న మగజింక తల వంచుకుని కాయలు ఏరుకుంటోంది. దేవుడా! అంత జింకని అంత దగ్గర నేను ఎప్పుడూ చూడలేదు. మార్లిస్ చెప్పినట్టే భుజం దించాను, పళ్లబిగువు వదిలాను. ఒక్క చుక్క, ఒక్క జింక. నెమ్మదిగా వదిలాను.

బాణం దాని వీపు మీదుగా జెట్ విమానంలా పోయి, వెనకున్న బర్చ్ చెట్టులో దిగబడింది. జింక ఎగిరి గంతేసి, తోక ఎత్తుకుని పల్లంలోకి మాయమైంది.

విల్లు వైపు చూశాను. చక్రం నలభైలో ఉంది.

ఎంతసేపు నోరు తెరుచుకు కూర్చున్నానో తెలీదు. ఓక్ మంచె మీద, నాలుగు అడుగులేస్తే తగిలే జింకని, అదీ రాక రాక వచ్చినదాన్ని! ఏడుపొచ్చింది. తర్వాత బుద్ధి పనిచేసింది. ఎవరూ చూడలేదు కదా! ఆ బాణం పీకేస్తే జింకే రాలేదని చెప్పొచ్చు.

గబగబా దిగి, ఒక కాలు బర్చ్ చెట్టుకి తన్నిపెట్టి, రెండు చేతులతో బాణం లాగుతున్నాను. అది రావడం లేదు.

"చక్రం నలభైలో ఉందా?" అన్నారెవరో వెనక నుంచి.

తిరిగి చూశాను. మార్లిస్!

"ఏ చక్రం?"

"నీ చక్రం. పదిహేను గజాల్లో జింక మీదుగా బాణం అంత ఎత్తు పోయిందంటే నలభైలోనే ఉండుండాలి. చేను చివర మొద్దుతో ఆడుకున్నావు కదూ?"

"ఏ జింక? జింకే రాలేదు!"

"రాలేదా? మరి వాగు దగ్గర పడుంది, అదెవరు, మీ చుట్టమా?"

అప్పుడు చూశాను, దాని చేతులకి రక్తం. దాని వెనకే పల్లంలోకి దిగాను. వాగు దాటే చోట నా జింక, అవే ఎనిమిది కొనలు, పడి ఉంది. గుండెలో ఒకే ఒక్క దెబ్బ.

పక్కన దేవదారు చెట్టు మొదట్లో ఒక బక్కెట్టు బోర్లించి ఉంది. తుప్పు పట్టి, అంచులు నేలలోకి దిగిపోయి ఉంది. దాని ముందు నేల కాళ్లు పెట్టి పెట్టి గట్టిపడిపోయింది. అది ఇవాళ తెచ్చిన బక్కెట్టు కాదు.

"ఇదెవరిది?" అన్నాను.

"మా అమ్మది."

"మీ అమ్మ ఇక్కడ బక్కెట్టు ఎందుకు పెట్టింది?"

"కూర్చోడానికి. పైన ఓక్ మంచె మీద గురి తప్పితే, బెదిరిన జింక ప్రతిసారీ ఈ దారినే దిగుతుంది. వాగు దగ్గర ఆగి, చప్పుడేమిటా అని వెనక్కి చూస్తుంది. పది లెక్కపెట్టేంతసేపు కదలదు. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని చూశాను. ఈ పొలంలో ఇంతకన్నా మంచి చోటు లేదు, వెర్న్. కాకపోతే పైన గురి తప్పేవాడు ఒకడుండాలి."

నేను ఆ బక్కెట్టు మీద కూలబడ్డాను.

"అంటే... పందెంలో ఆ కాలికి తగిలిన బాణం..."

"కాలికే వేశాను. రబ్బరు జింకకి నొప్పేముంది?"

"నాకు వారం రోజులు అంత కష్టపడి నేర్పింది..."

"నువ్వు గెలవాలి కదా మరి. నేను మంచె మీద కూర్చుంటే నాకు జింకని ఎవరు తోలిపెడతారు?"

"అయితే నేను కానుక ఇచ్చింది ఎందుకో నీకు..."

"సీజన్‌కి వారం ముందు పిన్నులు మారిస్తే గొడ్లపాకని కూడా కొట్టలేననేగా? నువ్వు ట్రక్కెక్కకముందే డ్వేన్ ఫోన్ చేశాడు."

"మరి పుట్టినరోజున ఆ కన్నీళ్లు?"

"నవ్వు ఆపుకుంటే కన్నీళ్లు రావూ?"

ఆఖరి ఆయుధం తీశాను. "మరి చక్రం ఇరవైలో పెట్టమని మూడుసార్లు ఎందుకు చెప్పావు? నేను విని ఉంటే?"

మార్లిస్ నా పక్కన గొంతుక్కూర్చుని, నా మొహంలోకి చూసింది. "విని ఉంటే జింక నీకు పడేది. నేను కప్పల్ని చూసి వచ్చేదాన్ని. ఊళ్లో అందరికన్నా ముందు చప్పట్లు కొట్టేదాన్ని, తెలుసా? నిజం చెప్పడం నా వంతు, చెప్పాను. నువ్వు వినవని కూడా తెలుసు. పన్నెండేళ్లు ఊరికే కాపురం చేశానా?"

అంతవరకూ చెప్పినదంతా సరదాకి చెప్పింది. ఈ ఒక్కటీ మాత్రం మనసులోంచి వచ్చింది. నాకు బాగా తగిలింది కూడా అదే. "తప్పయిపోయింది మార్లిస్" అన్నాను, నిజంగానే.

"సరే, సరే, ముందు ఆ కాళ్లు పట్టు" అంది.

నేను వంగి మార్లిస్ కాళ్లు పట్టబోయాను.

"నావి కావయ్యా, జింకవి!"

మధ్యాహ్నం షెడ్డులో జింకని వేలాడదీశాం. ఆర్నీ గారు కత్తెర పట్టుకుని తయారుగా ఉన్నారు. నా చొక్కా అచ్చంగా కొత్తది. కర్ మంటూ కోసి, పేరూ తేదీ రాసి, పన్నెండో మేకు తీశారు.

"అల్లుడూ, ముప్పై ఏళ్ల మంచె అప్పజెప్పితే మొదటిరోజే ఇలాగా! మా రోజుల్లో..." అని మొదలుపెట్టారు.

"మామగారూ" అన్నాను వినయంగా, "వాగు దగ్గర ఒక పాత బక్కెట్టుంది."

ఆయన సుత్తి గాల్లో ఆగిపోయింది. మొహం బీట్‌రూటులా అయింది. "ఏ బక్కెట్టు?" అన్నారు. పొద్దున్న నేను 'ఏ చక్రం' అన్నది సరిగ్గా ఆ గొంతుతోనే.

ఇర్మా గారు ఇంట్లోకి వెళ్లి ఒక పాత బిస్కట్ల డబ్బా తెచ్చి, బల్ల మీద పెట్టి మూత తీశారు. లోపల మడత పెట్టిన గళ్ల గుడ్డ ముక్కలు, వెలిసిపోయినవి, ఒకదాని మీద ఒకటి. పైముక్క తీసి చూశాను. 'ఆర్నీ' అని ఉంది, కింద తేదీ. దాని కింద ఇంకో ఆర్నీ. ఆ కింద ఇంకో ఆర్నీ. ముప్పై ఒకటి.

నేను చొక్కా కొసల వైపు చూశాను. ఎదురుగోడ మీద కొమ్ముల వైపు చూశాను. ఆ కొమ్ముల కింద కుర్చీ వైపు చూశాను.

"బయటివాళ్లకి చెప్పనని మాటిచ్చావు కదా ఇర్మా!" అన్నారు ఆర్నీ గారు నీరసంగా. "నీకేదో అదృష్టం కలిసొచ్చి ప్రతిసారీ నీ వైపు వచ్చేది..."

"అదృష్టమా?" అన్నారు ఇర్మా గారు. "ముప్పై ఒక్క సార్లా, ఆర్నీ?"

ఆర్నీ గారు లెక్కలోకి దిగడం నేను కళ్లారా చూశాను. మంచె, పల్లం, వాగు, బక్కెట్టు. ఆ మొహంలో ఒక్కొక్కటే వెలిగాయి. "అంటే పెళ్లయిన కొత్తలో నువ్వు నాకు మంచె కట్టించింది..." అని, సుత్తి కింద పెట్టి, పక్కనున్న పెట్టె మీద కూర్చుండిపోయారు. పొద్దుటి నా మొహం ఎలా ఉండుంటుందో అప్పుడు తెలిసింది.

ఇర్మా గారు నా భుజం తట్టారు. "ఈయనకి ఇవాళ తెలిసింది. నీకు మంచె ఎక్కిన మొదటిరోజే తెలిసింది. మా అమ్మాయి తెలివైనవాణ్ణే చేసుకుంది." ఏడాదికి నలభై మాటల్లో అన్ని మాటలు నా మీద ఖర్చుపెట్టారావిడ.

వచ్చే ఏడు నుంచి ఓక్ మంచె శాశ్వతంగా అల్లుడిదేనని తల్లీ కూతుళ్లు అక్కడికక్కడే తీర్మానించారు. మంచె మీదికి దిండు కుట్టిస్తామన్నారు, చలికి చిన్న హీటరు పెట్టిస్తామన్నారు, కాఫీకి పెద్ద ఫ్లాస్కు కొంటామన్నారు. పన్నెండేళ్లలో ఆ ఇంట్లో నాకంత మర్యాద ఎప్పుడూ జరగలేదు. ఏమంటాను? సరేనన్నాను. వెనక నుంచి వీపుకి చల్లగాలి తగులుతోంది.